సంతకం లేని సంధి: కాంటన్ బహిష్కరణ ముందు బ్రిటన్ మెట్టు దిగిన తీరు

1926 అక్టోబర్ 10న దక్షిణ చైనాలోని కాంటన్ నగరంలో (ఇప్పటి గ్వాంగ్‌జౌ) సమ్మె కమిటీ ఒక ప్రకటన చేసింది. బ్రిటిష్ వలస ప్రాంతమైన హాంకాంగ్ మీద దాదాపు 16 నెలలుగా సాగిన దిగ్బంధాన్ని, బ్రిటిష్ సరుకుల బహిష్కరణను ఎత్తేస్తున్నామన్నది దాని సారాంశం. ఆ రోజు ఎవరూ ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు. బ్రిటన్ నష్టపరిహారం ఇవ్వలేదు, క్షమాపణ చెప్పలేదు. కాంటన్ ప్రభుత్వం కూడా తప్పు ఒప్పుకోలేదు. అదే సమయంలో ఆ ప్రభుత్వం మామూలు దిగుమతుల మీద 2.5 శాతం, విలాస వస్తువుల మీద 5 శాతం అదనపు పన్ను వసూలు మొదలుపెట్టింది. అప్పటికి అమల్లో ఉన్న ఒప్పందాల ప్రకారం అలా పన్ను వేసే హక్కు దానికి లేదు. బ్రిటన్ దాన్ని అడ్డుకోలేదు.

ఆ అడ్డుకోకపోవడంలోనే అసలు రాయితీ ఉంది. నల్లమందు యుద్ధం తర్వాత 1842లో నాన్‌జింగ్ ఒప్పందం కుదిరింది. దిగుమతుల మీద ఎంత సుంకం వేయాలో చైనా తనంతట తాను నిర్ణయించుకునే హక్కు అప్పటి నుంచి పోయింది. సుమారు 5 శాతం దగ్గర దాన్ని కట్టేశారు. ఎనభై ఏళ్లకు పైగా ఏ చైనా ప్రభుత్వమూ ఆ గీత దాటలేదు. అలాంటి గీతను, ఏ పెద్ద దేశమూ గుర్తించని ఒక ప్రాంతీయ ప్రభుత్వం దాటేస్తుంటే బ్రిటన్ చూస్తూ ఎందుకు ఊరుకుందో అర్థం కావాలంటే 1925 వేసవికి వెళ్లాలి.

ఆ ఏడాది మే నెలలో షాంఘైలోని ఒక జపాన్ బట్టల మిల్లులో గు జెంగ్‌హాంగ్ అనే కార్మికుడు కాల్పుల్లో చనిపోయాడు. మే 30న విద్యార్థులు విదేశీ పాలనలో ఉన్న అంతర్జాతీయ సెటిల్‌మెంట్‌లోకి వెళ్లి నిరసన తెలిపారు. నాన్‌కింగ్ రోడ్డు దగ్గర లౌజా పోలీస్ స్టేషన్ ముందు బ్రిటిష్ ఇన్‌స్పెక్టర్ కాల్పులకు ఆదేశించాడు. కనీసం 9 మంది చనిపోయారు. ఆ రోజు తుపాకులు పట్టుకున్న కానిస్టేబుళ్లలో చైనీయులతో పాటు మన దేశం నుంచి వెళ్లిన సిక్కులు కూడా ఉన్నారు. సామ్రాజ్యం ఒక వలస ప్రజల చేత ఇంకో దేశ ప్రజల్ని కాల్పించడం చైనా వాళ్ల మనసులో చాలాకాలం నిలిచిపోయింది.

జూన్ 19న హాంకాంగ్‌లో సమ్మె మొదలైంది. ముందు నావికులు, ట్రామ్ కార్మికులు, ప్రెస్ కార్మికులు పని ఆపారు. తర్వాత వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కూడా కదిలారు. వాళ్లు హాంకాంగ్‌లోనే ఉండి నినాదాలు ఇవ్వలేదు, మూటాముల్లె సర్దుకుని కాంటన్‌కు వెళ్లిపోయారు. జూన్ 23న కాంటన్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది. కార్మికులు, విద్యార్థులు, వాంపోవా సైనిక పాఠశాల కేడెట్లు షాకీ రోడ్డు వెంట నడిచారు. సన్నటి కాలువకు అవతల షామీన్ దీవిలో బ్రిటిష్, ఫ్రెంచ్ కన్సెషన్లు, అంటే ఆ దేశాల పాలనలో నడిచే ప్రాంతాలు, ఉన్నాయి. అక్కడి నుంచి బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికులు కాల్చారు. 52 మంది చైనీయులు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ముందు ఎవరు కాల్చారనే దాని మీద రెండు పక్షాలూ చివరిదాకా చెరో మాట చెప్పాయి. కానీ కాంటన్ జనానికి ఆ చర్చతో పనిలేదు. శవాలు కాలువకు ఏ వైపు పడ్డాయో వాళ్లకు తెలుసు.

దాంతో సమ్మెకు బహిష్కరణ తోడైంది. సుమారు రెండున్నర లక్షల మంది హాంకాంగ్ వదిలి వెళ్లారని సాధారణంగా చెప్పే లెక్క. అప్పటి హాంకాంగ్ జనాభా ఏడు లక్షల పైచిలుకు. అంటే మూడోవంతు ఊరు ఖాళీ అయింది. మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లు లేరు, చెత్త తీసేవాళ్లు లేరు. హాంకాంగ్ అన్న పేరుకు చైనీస్‌లో ‘సువాసనల రేవు’ అని అర్థం. ఆ వేసవిలో జనం దాన్ని ‘కంపు రేవు’ అన్నారు. కాంటన్ వైపు నుంచి బియ్యం, కూరగాయలు, మాంసం రావడం ఆగిపోయింది. తీరం పొడవునా సమ్మె కమిటీ పికెట్ దళాలు కాపలా కాశాయి. వాళ్ల దగ్గర పడవలు, యూనిఫాంలు, తుపాకులు కూడా ఉండేవి. పట్టుకున్న సరుకును వేలం వేసి ఆ డబ్బు సమ్మెకు వాడారు. కాంటన్‌లో సమ్మె చేసినవాళ్లకు తిండి, బస ఏర్పాటైంది. వాళ్ల చేత రోడ్డు పనులు కూడా చేయించారు. కమిటీ అధ్యక్షుడు సు జావోజెంగ్ స్వయంగా నావికుడు, 1922 నావికుల సమ్మె నాయకుల్లో ఒకడు.

హాంకాంగ్ కార్మికులు అడిగిన వాటిని చూస్తే ఇది కేవలం షాంఘై కాల్పుల మీద కోపం కాదని అర్థమవుతుంది. భావప్రకటన, సంఘ స్వేచ్ఛ, చట్టం ముందు సమానత్వం, ఓటు హక్కు, కార్మిక చట్టాలు, ఇంటి అద్దెల తగ్గింపు, నచ్చిన చోట ఉండే హక్కు అడిగారు. చివరి కోరిక వెనక ఒక చట్టం ఉంది. 1904 నుంచి హాంకాంగ్‌లోని పీక్ కొండ మీద చైనీయులు ఇల్లు తీసుకుని ఉండకూడదు, అక్కడి ఇళ్లలో పనివాళ్లుగా మాత్రం ఉండవచ్చు.

బహిష్కరణ నడిపినవాళ్లు చేసిన అతి తెలివైన పని 1925 ఆగస్టులో జరిగింది. మొదట్లో విదేశీ ఓడలన్నింటినీ ఆపేయడంతో కాంటన్ వ్యాపారులే ఊపిరాడక ఇబ్బంది పడ్డారు. అప్పుడు సమ్మె కమిటీ ప్రత్యేక అనుమతి పత్రాల పద్ధతి పెట్టింది. ఓడ బ్రిటిష్‌ది కాకపోతే, అందులో బ్రిటిష్ సరుకు లేకపోతే, దారిలో హాంకాంగ్‌లో ఆగకపోతే కాంటన్‌కు నేరుగా రావచ్చు. ఈ ఒక్క నిర్ణయంతో జపాన్, అమెరికా, జర్మనీ వ్యాపారులకు ఈ గొడవలో లాభం కనిపించింది. అప్పటిదాకా విదేశీ శక్తులన్నీ చైనా ముందు ఒకే గుంపుగా నిలబడేవి, ఒకరి హక్కు కోసం అందరూ పట్టుబట్టేవాళ్లు. ఇప్పుడు ఆ గుంపులోంచి బ్రిటన్‌ను విడదీశారు. హాంకాంగ్ బతుకంతా మధ్యలో ఆగే సరుకు మీదే కాబట్టి దెబ్బ ఆయువుపట్టు మీదే పడింది.

ఈ పరిస్థితిని ఎదుర్కోవాల్సిన మొదటి మనిషి హాంకాంగ్ గవర్నర్ సర్ రెజినాల్డ్ స్టబ్స్. 1922 సమ్మెలో ఆయన నావికుల సంఘాన్ని నిషేధించి, ఆఫీసు బోర్డు పీకించారు. ఆఖరికి ఓడిపోయి, ఆ బోర్డును మళ్లీ అప్పగించాల్సి వచ్చింది. ఆ సమ్మె సమయంలోనే అత్యవసర అధికారాల చట్టం ఒకటి తెచ్చారు. దాని ప్రకారం గవర్నర్ తనకు అవసరమనిపించిన నిబంధన ఏదైనా పెట్టవచ్చు. 1925లో దాన్ని బయటికి తీసి ఉత్తరాల మీద, పత్రికల మీద సెన్సార్ పెట్టారు. తిండి సరుకులు, డబ్బు బయటికి పోకుండా ఆపారు. ఇదే చట్టాన్ని 2019 హాంకాంగ్ నిరసనల్లో ముఖానికి మాస్కులు నిషేధించడానికి వాడారు.

స్టబ్స్ దృష్టిలో ఇదంతా మాస్కో నుంచి నడుస్తున్న కుట్ర. కాంటన్‌లో రష్యన్ సలహాదారులు ఉన్నమాట, సమ్మె నాయకుల్లో డెంగ్ జోంగ్‌షియా లాంటి కమ్యూనిస్టులు ఉన్నమాట నిజమే. కానీ రెండున్నర లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలదు. కుట్ర అనుకున్నారు కాబట్టే స్టబ్స్ వెతికిన మందు కూడా అలాంటిదే, కాంటన్ ప్రభుత్వాన్ని కూల్చేయడం. సొంత సైన్యాలతో ప్రాంతాలు ఏలుతూ దానికి శత్రువులైన సేనాపతులకు డబ్బు, ఆయుధ సాయం అందించాలని లండన్ మీద ఒత్తిడి తెచ్చారు. లండన్ ఒప్పుకోకపోయినా హాంకాంగ్ వైపు నుంచి డబ్బు వెళ్లింది. ఆ సేనాపతులు ఓడిపోయారు, డబ్బు పోయింది, కాంటన్‌కు అనుమానించడానికి ఇంకో ఆధారం దొరికింది. వలస రాజనీతిలో ఇంత స్పష్టంగా ఎదురుతిరిగిన ఎత్తుగడ అరుదు.

హాంకాంగ్‌లో మాత్రం స్టబ్స్‌కు ఇద్దరు మనుషులు చాలా ఉపయోగపడ్డారు. ఒకరు షౌసన్ చౌ, రెండోవారు రాబర్ట్ కోట్‌వాల్. కోట్‌వాల్ తండ్రి పార్సీ, తల్లి చైనీయురాలు. వీళ్లు చైనీస్ వ్యాపార వర్గాన్ని ప్రభుత్వం వైపు నిలబెట్టారు, సమ్మెకు వ్యతిరేకంగా ప్రచారం నడిపారు, 1925 జులైలో వచ్చిన ఒక చైనీస్ దినపత్రికకు అండగా నిలిచారు. 1926లో చౌను గవర్నర్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా వేశారు. ఆ మండలిలోకి వచ్చిన మొదటి చైనీయుడు ఆయనే. ఎనభై ఏళ్లలో ఇవ్వని చోటు ఇప్పుడు ఇచ్చారంటే కార్మికులు సాధించిన దాంట్లో కొంత వాటా వ్యాపారులకు దక్కిందన్నమాట.

ఆర్థికంగా హాంకాంగ్ కుంగిపోయింది. వ్యాపారం దాదాపు సగానికి పడిపోయింది. బ్యాంకులు, చిన్న వ్యాపార సంస్థలు దివాలా అంచుకు వెళ్లాయి. బ్రిటిష్ ప్రభుత్వం 30 లక్షల పౌండ్ల వాణిజ్య రుణం ఇచ్చి నిలబెట్టాల్సి వచ్చింది.

1925 నవంబర్ 1న కొత్త గవర్నర్ సర్ సెసిల్ క్లెమెంటి దిగారు. పుట్టింది కాన్పూర్‌లో. యువకుడిగా ఉన్నప్పుడే హాంకాంగ్ సర్వీసులో చేరి కాంటనీస్ నేర్చుకున్నారు, కాంటనీస్ ప్రేమ పాటలను ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఎదుటివాళ్ల భాషలో మాట్లాడగల గవర్నర్ రావడంతో మాటల దారి తెరుచుకుంది. వ్యాపారుల ప్రతినిధులు కాంటన్ వెళ్లి వచ్చారు, ఉత్తరాలు నడిచాయి. కానీ ఒక్కచోట అంతా ఆగిపోయింది. సమ్మె చేసిన రోజులకు జీతం ఇవ్వాలని సమ్మె కమిటీ పట్టుబట్టింది. అది బెదిరించి డబ్బు గుంజడమేనని క్లెమెంటి తిరస్కరించారు. భాష తెలిసినంత మాత్రాన పదవి నేర్పిన చూపు మారదు. ఇక్కడ స్టబ్స్‌కూ ఆయనకూ తేడా గొంతులో ఉంది, లెక్కలో లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మాట్లాడాలంటే ఎవరితో మాట్లాడాలి? బ్రిటన్ గుర్తించిన చైనా ప్రభుత్వం పెకింగ్‌లో ఉంది. పెకింగ్ మాట కాంటన్‌లో చెల్లదు. జాతీయవాద నాయకుడు సున్ యట్-సేన్ 1925 మార్చిలో చనిపోయాక, ఆయన కువోమిన్‌టాంగ్ పార్టీ అదే ఏడాది జులై 1న కాంటన్‌లో జాతీయ ప్రభుత్వాన్ని ప్రకటించింది. ఆ ప్రభుత్వాన్ని బ్రిటన్ గుర్తించలేదు. పైగా ఆ ప్రభుత్వం చెప్పిందేమిటి? ఇది ప్రజల ఉద్యమం, హాంకాంగ్‌కూ కార్మికులకూ మధ్య తగాదా, మేము మధ్యవర్తులం మాత్రమే అని. సమ్మె కమిటీకి సొంత కోర్టు, జైలు, సాయుధ దళం, ఖజానా ఉన్నాయి, దాన్ని చాలామంది రెండో ప్రభుత్వం అనేవాళ్లు. వెనకటి రోజుల్లో గన్‌బోట్ పంపితే ఏదో ఒక అధికారి వచ్చి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు బెదిరించడానికి బాధ్యత ఒప్పుకునే మనిషి లేడు. సరుకు కొననని చెప్పేవాడి చేత ఫిరంగితో కొనిపించడం ఎలా? ఈ ప్రశ్నకు సామ్రాజ్యం దగ్గర జవాబు లేదు.

హాంకాంగ్ వ్యాపారులు, నౌకాదళంలో కొందరు కాంటన్‌ను దిగ్బంధించాలని, గట్టి హెచ్చరిక ఇవ్వాలని కోరుతూనే ఉన్నారు. లండన్‌లోని విదేశాంగ శాఖ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి దయ కారణం కాదు. కాంటన్ మీద దాడి చేస్తే యాంగ్జీ లోయలో, షాంఘైలో ఉన్న అంతకంటే పెద్ద వ్యాపారం మంటల్లో పడుతుంది. దిగ్బంధం చేస్తే జపాన్, అమెరికా ఓడల్ని కూడా ఆపాలి, వాళ్లు ఒప్పుకోరు. వలస వ్యవహారాల శాఖ హాంకాంగ్ తరఫున ఒకటి చెబుతుంటే, విదేశాంగ శాఖ మొత్తం చైనాను చూసి ఇంకొకటి చెప్పేది. ఒకే సామ్రాజ్యంలో రెండు ఆఫీసుల మధ్య జరిగిన ఈ లాగులాట వల్లే నెలల తరబడి ఏదీ తేలలేదు.

ఈలోగా కాంటన్ లోపల గాలి మారింది. కార్మికులకు దగ్గరగా ఉన్న నాయకుడు లియావో జోంగ్‌కై 1925 ఆగస్టు 20న హత్యకు గురయ్యాడు. 1926 మార్చి 20న కువోమిన్‌టాంగ్ సేనాని చియాంగ్ కై-షేక్ ఒక యుద్ధనౌక వ్యవహారాన్ని సాకుగా తీసుకుని కాంటన్‌లో మార్షల్ లా పెట్టాడు, కమ్యూనిస్టుల పట్టు సడలించాడు. జులైలో ఉత్తరాది సేనాపతుల్ని ఓడించి చైనాను ఏకం చేయడానికి ఉత్తర దండయాత్ర మొదలైంది. సైన్యం ఉత్తరానికి వెళుతుంటే వెనక బ్రిటన్‌తో గొడవ ఉండటం చియాంగ్‌కు ఇష్టం లేదు, ఖజానాకు డబ్బు కావాలి. బ్రిటిష్ వాళ్లు సంవత్సరమంతా సాధించలేనిది కాంటన్ రాజకీయాలే వాళ్లకు దగ్గర చేశాయి. దీన్ని బ్రిటిష్ దౌత్యం గెలుపుగా చెప్పడం సరికాదు.

జులై మధ్యలో కాంటన్‌లో అధికారిక చర్చలు జరిగాయి. కాంటన్ వైపు విదేశాంగ మంత్రి యూజీన్ చెన్, ఆర్థిక మంత్రి టి.వి. సూంగ్ కూర్చున్నారు. చెన్ ట్రినిడాడ్‌లో పుట్టి పెరిగిన లాయర్, ఆయనకు బాగా వచ్చిన భాష ఇంగ్లిషే. అవతలి వైపు హాంకాంగ్ అటార్నీ జనరల్ కెంప్, కాంటన్‌లోని బ్రిటిష్ కన్సల్ జనరల్ బాధ్యతలు చూస్తున్న బ్రెనన్ ఉన్నారు. చెన్ షాకీ మృతుల విషయం, పరిహారం విషయం ఎత్తారు. బ్రిటిష్ వాళ్లు కాల్పుల మీద విచారణ అన్నారు, డబ్బు ఇవ్వాల్సి వస్తే అది అభివృద్ధి పనులకు రుణం రూపంలో ఉండాలన్నారు. పరిహారం అంటే తప్పు ఒప్పుకున్నట్టు, రుణం అంటే స్నేహం. ఆ ఒక్క మాట దగ్గర చర్చలు తెగిపోయాయి. కానీ ఆ బల్ల ముందు కూర్చోవడమే ఒక మార్పు. గుర్తించని ప్రభుత్వ మంత్రులతో బ్రిటిష్ అధికారులు సమాన హోదాలో రోజుల తరబడి మాట్లాడారు.

సెప్టెంబర్ 4న బ్రిటిష్ నౌకాదళం కాంటన్ రేవులోకి వచ్చి, తమ జెట్టీల దగ్గర కాపలా కాస్తున్న పికెట్ పడవల్ని తరిమేసింది. మరునాడే యాంగ్జీ నది పైభాగంలో వాన్‌షియన్ దగ్గర వేరే గొడవలో బ్రిటిష్ గన్‌బోట్లు పట్టణం మీద ఫిరంగులు పేల్చాయి, చాలామంది సామాన్యులు చనిపోయారు. కాబట్టి బ్రిటన్ అప్పటికే మెత్తబడిపోయిందని అనుకోవడం పొరపాటు. ఒక చోట తుపాకీ పనిచేస్తుందని అనిపిస్తే అక్కడ వాడింది, పనిచేయదనిపించిన చోట కన్సల్‌ను పంపింది.

ఆ తర్వాత చెన్ నుంచి కన్సల్‌కు కబురు వెళ్లింది: బహిష్కరణ ఆగిపోతుంది, అదనపు పన్ను వేస్తాం, దాంతో సమ్మె చేసినవాళ్లకు డబ్బిచ్చి పంపిస్తాం. హాంకాంగ్ ఇవ్వనన్న డబ్బు కాంటన్ రేవులోని సరుకు మీద పన్నుగా వసూలవుతుంది. హాంకాంగ్ పరువు నిలిచింది, కార్మికుడి చేతికి ఎంతో కొంత అందింది.

ఆ 2.5 శాతం అంకె ఊరికే రాలేదు. 1922లో వాషింగ్టన్ సమావేశంలో విదేశీ శక్తులే చైనాకు ఆ మేరకు అదనపు సుంకం ఇస్తామని మాట ఇచ్చాయి. దాని కోసం 1925 అక్టోబర్‌లో పెకింగ్‌లో సుంకాల సమావేశం మొదలుపెట్టి, షరతుల మీద షరతులు పెట్టి, 1926లో ఎటూ తేల్చకుండా వదిలేశాయి. ఇస్తామని ఇవ్వని దాన్నే కాంటన్ తీసుకుంది. అందుకే దాన్ని దోపిడీ అని గట్టిగా అనడానికి లండన్‌కు నోరు రాలేదు.

రెండు నెలల్లో ఆ మౌనానికి మాటలు వచ్చాయి. విదేశాంగ మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ ఆధ్వర్యంలో తయారైన డిసెంబర్ పత్రాన్ని 1926 డిసెంబర్ 18న పెకింగ్‌లో ఇతర దేశాల రాయబారుల ముందు పెట్టారు. విదేశీ అజమాయిషీ ఉంటేనే చైనా బాగుపడుతుందనే ఆలోచన వదిలేయాలని, సుంకాల మీద చైనా హక్కును ఒప్పుకోవడానికి సిద్ధపడాలని, వాషింగ్టన్ అదనపు సుంకాన్ని షరతులు లేకుండా వెంటనే అనుమతించాలని అందులో చెప్పారు. 1927 జనవరిలో యాంగ్జీ తీరాన ఉన్న హాన్‌కౌలో జనం బ్రిటిష్ కన్సెషన్‌లోకి చొచ్చుకొచ్చినప్పుడు బ్రిటన్ కాల్పులకు దిగలేదు. ఫిబ్రవరి 19న యూజీన్ చెన్‌తోనే ఒప్పందం చేసుకుని ఆ కన్సెషన్ వదులుకుంది.

కానీ షాంఘై విషయంలో అలా జరగలేదు. అక్కడ బ్రిటిష్ పెట్టుబడి చాలా ఎక్కువ. 1927 ఆరంభంలో వేల మంది సైనికుల్ని అక్కడికి తరలించారు, అందులో భారత సైన్యం కూడా ఉంది. మన దేశంలో దానిమీద నిరసన రేగింది. ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో జరిగిన సామ్రాజ్య వ్యతిరేక మహాసభలో జవహర్‌లాల్ నెహ్రూ, చైనా ప్రతినిధులు కలిసి ఉమ్మడి ప్రకటన చేశారు. అప్పట్లో ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధాని అయిన మద్రాసులో ఆ ఏడాది డిసెంబర్‌లో కాంగ్రెస్ సమావేశమై, చైనా నుంచి భారత సైనికుల్ని వెనక్కి పిలవాలని తీర్మానించింది. నాన్‌కింగ్ రోడ్డు మీద సిక్కు కానిస్టేబుళ్లు నిలబడిన నాటి నుంచి రెండున్నరేళ్లకు ఇక్కడి నుంచి వెళ్లిన జవాబు అది.

హాంకాంగ్‌లో క్లెమెంటి కూడా దారి మార్చుకున్నారు. కాంటన్‌లో కమ్యూనిస్టుల్ని అణచివేసిన సేనాని లి జిషెన్‌తో రాకపోకలు పెంచుకున్నారు, 1928లో స్వయంగా కాంటన్ వెళ్లారు. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో చైనీస్ విభాగానికి ఊతమిచ్చి, సంప్రదాయ కన్ఫ్యూషియన్ చదువును ప్రోత్సహించారు. కొత్త తరం మాట వినకపోతే పాత పుస్తకాలు వినిపిస్తే సర్దుకుంటారన్న ఆశ అందులో కనిపిస్తుంది. కార్మికుల కోరికల మీద మాత్రం పెద్దగా ఏమీ జరగలేదు. పీక్ కొండ మీద నివాస నిషేధం రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా కొనసాగింది.

1928 డిసెంబర్ 20న నాన్‌జింగ్‌లో బ్రిటన్, చైనా సుంకాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి, చైనా సుంకాలు చైనాయే నిర్ణయించుకుంటుందని అందులో ఉంది. 1926 అక్టోబర్‌లో కాంటన్ రేవులో అడగకుండా వసూలు చేసిన పన్ను వెనక ఉన్న హక్కు అదే. షాకీలో చనిపోయిన 52 మంది విషయంలో మాత్రం బ్రిటన్ అన్న విచారణ జరగలేదు, పరిహారం రాలేదు. వాళ్లు నడిచిన రోడ్డును ఇప్పుడు గ్వాంగ్‌జౌలో జూన్ 23 రోడ్డు అంటారు. కాలువ ఒడ్డున 1926లో నిలిపిన రాతి మీద ‘ఈ రోజును మరవొద్దు’ అని చెక్కి ఉంది.